పెద్దమ్మ చింతపండు, మూడు ఫైళ్లు



పోస్టు కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి. మేం ఒకే ఊరి వాళ్లం ముగ్గురం. ఒకే హాస్టల్, ఒకే గది, ముగ్గురికీ కలిపి ఒకే పాత ల్యాప్‌టాప్. మా ఇళ్లల్లో కాలేజీ మెట్లెక్కింది మేమే మొదలు. కంప్యూటర్ గురించి ఇంట్లో అడగడానికి ఎవరూ ఉండరు, తప్పులు చేసుకుంటూ నేర్చుకోవాల్సిందే. కానీ ఈసారి మేం చేసిన తప్పు పెద్దమ్మ మీద పడింది.

మా ఊరి ఆడవాళ్లు చింతపండు ఎవరికి వాళ్లు సంతకి మోసుకెళ్లడం మానేసి, ఒకచోట తూకం వేసి కలిపి అమ్ముతున్నారు. ఎవరివి ఎన్ని కిలోలో లెక్క చూసే పని మాకిచ్చారు. నిజానికి ఒక నోటుబుక్కు చాలు. పైథాన్ కొత్తగా నేర్చుకున్న ఊపులో ఉన్నాం కదా, ప్రోగ్రాం రాశాం. పేరు, బరువు కొడితే ఫైల్లో చేరుతుంది, చివర్లో ఎవరి వాటా ఎంతో చెబుతుంది. ల్యాప్‌టాప్ ఊళ్లోనే ఉంచి, పదో తరగతి చదివే తమ్ముడికి కొట్టడం నేర్పాం. మధ్యమధ్యలో ఎర్రర్ వచ్చి ఆగిపోతుంటే, ఏదో వీడియోలో చూసి ‘ఎక్సెప్ట్’ కింద ‘పాస్’ అని పెట్టేశాం. అంటే, తప్పొచ్చినా నోరెత్తకుండా ముందుకి పొమ్మని. ఇక ఎక్కడా ఆగలేదు. మేం తెగ సంబరపడ్డాం.

డబ్బులు పంచే రోజు చూస్తే పెద్దమ్మ పేరే లేదు. పద్నాలుగున్నర కిలోలు, తూకం దగ్గర అందరూ చూశారు. ఆవిడ గొడవ పడలేదు. ‘సంతలో షావుకారు చిట్టాలోనూ లేదనేవారు, మీ మిషన్లోనూ లేదా బాబూ?’ అంది, అంతే. చూసినవాళ్లు చెప్పారు కాబట్టి ఆవిడ డబ్బు ఆవిడకి వచ్చింది. మాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

హాస్టల్‌కి వచ్చి సీనియర్ అన్నకి చూపించాం. అన్న అడిగిన మొదటి మాట, ‘లాగ్ ఏదిరా?’ లాగ్ అంటే ప్రోగ్రాం ఏ టైముకి ఏం చేసింది, ఎక్కడ తప్పింది అని వరసగా ఫైల్లో రాసుకునే లెక్క. ప్రింట్ పెడితే ఆ విండో మూసేదాకే ఉంటుంది. పైథాన్‌లో దీనికి లాగురు అనే లైబ్రరీ ఉంది, పిప్‌తో తెచ్చుకోమన్నాడు. ఎల్, ఓ, జీ, యూ, ఆర్, యూ. ఒక్కో అక్షరం చూసి కొట్టమన్నాడు, ఎందుకంటే అక్కడ ప్యాకేజీలు ఎవరైనా పెట్టొచ్చు, పేరు తప్పితే ఇంకెవరిదో దిగుతుంది.

ఊళ్లో సిగ్నల్ లేదు. అందుకని కాలేజీ ల్యాబ్‌లో ‘పిప్ డౌన్‌లోడ్ లాగురు’ కొట్టాం. ఒక్కటే ఫైలు దిగింది, వంద కేబీ కూడా లేదు. ఇంతేనా అనుకుని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఊరెళ్లాం. నెట్ వైపు చూడొద్దు, ఈ ఫోల్డర్లోంచే తీసుకో అని చెప్పడానికి ‘నో-ఇండెక్స్’, ‘ఫైండ్-లింక్స్’ అని రెండు మాటలు చేర్చి ఇన్‌స్టాల్ కొట్టాం. ఎర్రగా ఎర్రర్. కలరామా దొరకలేదట.

ఆ కలరామా ఎవరో మాకేం తెలుసు! పాడైన ఫైలు తెచ్చామేమో అని మళ్లీ మళ్లీ కొట్టాం. సంగతి తర్వాత తెలిసింది. ల్యాబ్‌లో ఉన్నది లినక్స్, మా ల్యాప్‌టాప్‌లో ఉన్నది విండోస్. విండోస్ మీద లాగురుకి ఇంకో రెండు తోడు కావాలి, కలరామా, విన్32-సెట్‌సీటైమ్. లినక్స్‌కి అవి అక్కర్లేదు, అందుకే అక్కడ పిప్ వాటిని దించలేదు. ల్యాప్‌టాప్ పట్టుకుని సిగ్నల్ ఉన్న గట్టు ఎక్కుదామంటే దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, వైరు పీకితే ఆరిపోతుంది. మాలో ఒకడు ఫోన్ పట్టుకుని గట్టెక్కి, పైపీఐ సైటులోంచి ఆ రెండూ దించుకుని వచ్చాడు. కేబుల్‌తో ఎక్కించి మళ్లీ కొట్టాం. ‘సక్సెస్‌ఫుల్లీ ఇన్‌స్టాల్డ్’ అని పడింది. చెప్పొద్దూ, పదో తరగతి రిజల్ట్ రోజు కూడా అంత గట్టిగా అరవలేదు.

ఇంకోటి. ఉత్త ‘పిప్’ అని కాకుండా ‘పైథాన్ హైఫన్ ఎమ్ పిప్’ అని కొట్టండి. కంప్యూటర్లో రెండు పైథాన్‌లుంటే లైబ్రరీ ఒకదాంట్లో చేరి, ప్రోగ్రాం ఇంకోదాంట్లో నడిచి, అలాంటి మాడ్యూలే లేదంటుంది.

‘పాస్’ తీసేసి అక్కడ ‘లాగర్ డాట్ ఎక్సెప్షన్’ పెట్టాం. ‘లాగర్ డాట్ యాడ్’తో ఒక ఫైలు పేరిచ్చాం. ఆ రోజు పెద్దమ్మ బరువు ఎలా కొట్టాడో అలాగే మళ్లీ కొట్టమన్నాం తమ్ముణ్ణి. తేదీ, టైముతో ఎర్ర లైను పడింది. బరువు దగ్గర వాడు 14.5 పక్కన ‘కేజీ’ అని కూడా కొట్టాడు. ప్రోగ్రాంకి అది అంకెలా కనపడలేదు. మేం పెట్టిన ‘పాస్’ ఆ ఎంట్రీని మింగేసింది.

పెద్దమ్మకి ఆ లైను చదివి వినిపించాం. ‘అది చెరిగిపోదు కదా?’ అంది. ఎవరైనా కావాలని తీసేస్తే తప్ప పోదన్నాం. కాసేపు చూసి, ‘అయినా నోటుబుక్కు కూడా పెట్టండి’ అంది. ఇప్పుడు రెండూ పెడుతున్నాం.

పైథాన్‌తోపాటే ‘లాగింగ్’ అనే మాడ్యూల్ వస్తుంది, 2003 నుంచీ ఉంది, దానికి ఇన్‌స్టాల్ అక్కర్లేదు. మాకది మొదట్లో కొరుకుడు పడలేదు. మీకు అర్థమైతే గట్టెక్కే పని తప్పుతుంది. లాగురే కావాలంటే ఆ మూడు ఫైళ్లూ పెన్‌డ్రైవ్‌లో ఇంకా ఉన్నాయి, సెలవులకి ఊరెళ్లేలోపు అడగండి.