గుంటూరులో గ్రహణపు రాత్రి

గుంటూరనగానే సోదరీమణులకు మిరపకాయల ఘాటు జ్ఞప్తికి వచ్చును. మాకును మొన్నటివరకు అంతియే. సూర్యగ్రహణము చూచుటకై ఒక పరాసు పండితుడు సముద్రములు దాటి ఆ యూరికి వచ్చెనని మా వారు చెప్పినపుడు పరిహాసమాడుచున్నారనుకొంటిమి.

2025వ సంవత్సరము సెప్టెంబరు 7వ తేదీ ఆదివారము. ఆ రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణము. గుంటూరు బ్రాడీపేటలో కాపురమున్న మా చెల్లెలు అయిదవ నెల గర్భిణి. "అక్కా, ఆ రాత్రి నువ్వు నా దగ్గరుండాలి" అని నాలుగు దినములు ముందుగనే ఫోనులో చెప్పెను. కారణము మేమడుగలేదు. తెనాలిలో ఉదయపు బండి యెక్కి, తొమ్మిది కాకమునుపే గుంటూరున దిగితిమి. బ్రాడీపేటలో వీథులను అంకెలతోనే పిలుతురు. ఫలానా లైను, ఫలానా అడ్డరోడ్డు అని. లెక్క తెలిసినవారు అచట దారి తప్పరు.

మేము వెళ్ళునప్పటికి చెల్లెలి అత్తగారు ఆవకాయ జాడీ మీదను, మంచినీళ్ళ బిందె మీదను దర్భలు వేయుచుండిరి. ఒంటిగంట లోపల అందరి భోజనములు ముగియవలెనని ఆమె తొందర. గూటిలోని పంచాంగమును మేము తీసి చూచితిమి. స్పర్శ రాత్రి 9 గంటల 57 నిమిషములకు, మోక్షము 1 గంట 26 నిమిషములకు. ఆ క్రిందనే గర్భిణులు చేయరాని పనుల పట్టిక. నిమిషము తప్పని గణితమును, ఆ భయమును ఒకే పుటలో ఇరుగుపొరుగువలె కాపురము చేయుచున్నవి.

చిన్ననాట మా తండ్రిగారు మాకు కావ్యములతోపాటు కొంచెము జ్యోతిషగణితము కూడ చెప్పిరి. చంద్రుడు సూర్యుని కప్పుటయే సూర్యగ్రహణమనియు, భూమి నీడ చంద్రుని కప్పుటయే చంద్రగ్రహణమనియు ఆర్యభటుడు క్రీ. శ. 499 ప్రాంతముననే వ్రాసెను. 628లో బ్రహ్మగుప్తుడు, రాహువును కాదనుట లోకమునకును, శ్రుతికిని విరుద్ధమని ఆయనను తప్పుపట్టెను. గ్రహణగణితము మాత్రము నీడ కొలతతోనే చేసెను! ఆ పంచాంగమును బ్రహ్మగుప్తుడే వంటయింట కూర్చుండి వ్రాసినట్లు మాకు తోచినది.

ఎండ తగ్గిన పిమ్మట మా వారు, మేము, అయిదేండ్లు నిండవచ్చిన చెల్లెలి కూతురు, ముగ్గురమును ఊరు చూడ బయలుదేరితిమి. శివాలయపు తలుపులు అప్పటికే మూసియుండెను. మా వారు వెదకుచున్నది వేరొక స్థలము. 1868 ఆగస్టు 18వ తేదీ ఉదయమున గుంటూరు మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ నడచినది. దానిని చూచుటకై పియరీ జాన్సెన్ అను పరాసు పండితుడు ఇచట తన దేశపు వర్తకుడొకని యింట పరికరములు నిలిపెను. ఆంగ్లేయుల బృందమొకటి ఇదే యూరిలో, మదరాసు నక్షత్రశాలకు చెందిన పాగ్సన్ బందరులో కాచుకొనియుండిరి. పట్టపగలు అయిదు నిమిషములకు పైగా చీకటి. సూర్యబింబపు అంచున మంటల నాలుకలు. వాని వెలుగును పట్టకముతో విడదీసి చూడగా జాన్సెన్‌కు మెరయు గీతలు కనబడెను. అవి యెంత ప్రకాశముగా నుండెననగా, గ్రహణము లేకున్నను కనబడకపోవునా యని ఆయనకు తోచి, మరునాడు మామూలు ఎండలోనే మరల చూచెను, కనబడెను! ఆ గ్రహణమున పండితుల కంటబడిన పసుపుపచ్చని గీత ఇంగువకును, ఇనుమునకును, భూమిపై మనమెరిగిన దేనికిని చెందదని తరువాత తేలినది. దానికి సూర్యుని గ్రీకు పేరుమీదుగా హీలియము అని పేరిడిరి. 1895లో రామ్సే పండితుడు దానిని భూమిమీద పట్టుకొనెను.

ఆ వర్తకుని యిల్లు ఏదియో చూపువారు మాకు దొరకలేదు. టీ దుకాణపు ముసలాయన "గ్రహణం చూడ్డానికి ఊరు రావటమేంటండీ, తలుపులేసుకోక!" అని నవ్వెను. ఆ అయిదు నిమిషములలో ఇదే యూరిలో ఎందరు గర్భిణులు చీకటి గదులలో కదలక మెదలక పండుకొనియుండిరో! వారి సంగతి ఏ పండితుడును వ్రాసికొనలేదు.

తిరిగి వచ్చుచుండగా మా చేయి పట్టుకొన్న పిల్ల అడిగినది: "పెద్దమ్మా, నా పెదిమని రాహువు కొరికాడంట. నిజమా?"

సోదరీమణులకిపుడు చెప్పవలెను. ఈ పిల్ల చీలిన పెదవితో, చీలిన అంగిటితో పుట్టినది. అయిదవ నెలలో పెదవికి, ఏడాది నిండిన పిమ్మట అంగిటికి శస్త్రచికిత్స చేసిరి. నేడు మాటలు చక్కగా వచ్చినవి. పైపెదవి మీద సన్నని గీత మాత్రము మిగిలినది. కాని దాని తల్లి మీద వేసిన మాట చెరగలేదు. 2020 జూన్ 21 నాటి సూర్యగ్రహణ సమయమున మా చెల్లెలు మరచి బియ్యపు సంచి మూతిదారమును కత్తెరతో త్రెంచినది. "అదిగో, అందుకే మొర్రి" అని బంధువులందరు తీర్పు చెప్పిరి. ఇన్నేండ్లలో ఆమె ఆ కత్తెరను మరల ముట్టలేదు.

వైద్యులు చెప్పు సంగతి వేరు. గర్భమున పెదవి నాలుగవ వారము మొదలు ఏడవ వారము లోపల కూడుకొనును. అటుపిమ్మట చీలుట యుండదు. కూడకపోవుటకు వంశమున వచ్చు కారణములు, తల్లి వాడు కొన్ని మందులు, పొగ, ఫోలికామ్లపు లోటు మొదలగునవి కొన్ని తెలిసినవి. పెక్కు కానుపులలో ఇదియే కారణమని వ్రేలు పెట్టి చూపుటకు వీలులేదు. రాహువు పేరెరుగని దేశములందును ఇట్టి శిశువులు పుట్టుచునే యున్నారు. మా పిల్ల పుట్టినది 2020 అక్టోబరు మొదటివారమున. అనగా దాని పెదవి మాఘమాసముననే ఏర్పడినది. దారము త్రెంచినది జ్యేష్ఠ అమావాస్యనాడు, ఆరవ నెలలో. నాలుగు నెలల నాడు జరిగిపోయిన దానిని ఆ కత్తెర యెట్లు చేయగలదు?

ఈ లెక్క ఆ సాయంకాలము మా చెల్లెలికి చెప్పితిమి. ఆమె విని, "నాకు తెలుసక్కా. డాక్టరుగారు అప్పుడే చెప్పారు. తెలిస్తే భయం పోతుందా?" అనెను. మాకు జవాబు తోచలేదు. నిజము దాచనేల? పది గంటలు కావచ్చుచుండగా కత్తిపీటను మంచము క్రిందికి నెట్టినది మా చేయియే. మా వారు చూచియు చూడనట్లు ఊరకుండిరి.

ఆమె అత్తగారు దుర్మార్గురాలు కాదు. 1980 ఫిబ్రవరి 16 నాటి సూర్యగ్రహణమున పెద్దకూతురు కడుపులో నుండగా, చాపమీద వెల్లకిల పండుకొని, ప్రక్కకు తిరుగక, దాహమైనను ఓర్చుకొని గడిపితినని మాకు చెప్పిరి. కూతురు చక్కగా పుట్టినది. తాను కదలనందుననే అని ఆమె నమ్మకము. ఆ దాహమంతయు వ్యర్థమని ఆ ముసలామెతో అనుటకు మాకు నోరు రాలేదు.

పదకొండు గంటలకు మేడ మీదికి వెళ్ళితిమి. మబ్బులు తొలగినపుడెల్ల చంద్రుడు రాగిచెంబు వలె కానవచ్చెను. భూమి చుట్టునున్న గాలి సూర్యకాంతిలోని ఎరుపును వంచి నీడలోనికి పంపుటచే ఆ రంగు వచ్చునని మా వారు పిల్లకు చెప్పుచుండిరి. మెట్లమీద అలికిడి యైనది. మా చెల్లెలు సగము మెట్లెక్కి గోడకానుకొని కూర్చుండెను. చేతిలో మంచినీళ్ళ గ్లాసు, సగము త్రాగినది. పైకి రమ్మని మేమనలేదు. పిల్ల మాత్రము పరుగెత్తిపోయి తల్లి ఒడిలో కూర్చుండి, అచటినుండియే మెడచాచి చూచినది.

మరునాటి యుదయమున అత్తగారు తలస్నానము చేసి, తులసికోట కడ మమ్ము పిలిచిరి. రాత్రి మా మాటలు గది లోపలినుండి వినిరి కాబోలు.

"ఏడో వారమేనా అమ్మాయ్? ఏడో నెల కాదూ?"

"వారమేనండీ, అత్తయ్యగారూ."

"ఆ యేడు అధికాశ్వయుజం వచ్చింది కదూ? పిల్ల పుట్టింది అందులోనే. ఆ నెలనీ లెక్కలో వెయ్యాలా?"

వేయవలెనని చెప్పితిమి. ఆమె వ్రేళ్ళ కణుపులమీద మరల మొదటినుండి లెక్క పెట్టసాగిరి.