వంటయింటి కవచము

ప్రతి పనికిని తగిన ఉడుపు కలదు. కొలిమియొద్ద నిలుచు కమ్మరి నిప్పురవ్వలు సోకకుండ తోలుముక్కను ముందు కట్టుకొనును. ప్రయోగశాలలలో రసాయనములు కలుపువారును, పెద్ద భోజనశాలలలో వండువారును ఏప్రను ధరింతురు. ఏప్రను అనగా రొమ్మునుండి మోకాళ్లవఱకు దేహమును కప్పి, వీపున ముడివేసికొను వస్త్రము. కాని పూటపూటకును పొయ్యిచెంత నిలుచు ఇల్లాలికి మన యిండ్లలో అట్టి రక్షణ తఱచుగా కానరాదు. చేయి తుడుచుకొనుటకు పమిటచెంగే. చెమట యొత్తుకొనుటకు పమిటచెంగే. పాలు పొంగినపుడు గిన్నె దింపుటకును ఆ చెంగే.

ఈ అలవాటు చూచుటకు చిన్నది. దానివలని ముప్పు పెద్దది. వ్రేలాడు చెంగు ఎపుడు మంట నందుకొనునో తెలియదు. పాలియెస్టరు చీరయైనచో మఱింత కీడు. అది కాలుచు కరగి చర్మమున కంటుకొనును. నూలుబట్టయు కాలును గాని కరగదు. బట్టకు మంట అంటుకొన్నచో పరుగిడరాదు. వెంటనే నేలపై పడి దొరలవలెను. మంట ఆఱిన పిమ్మట కాలినచోట 20 నిమిషములు చల్లని నీరు పోయవలెను. ఇవి అందఱును ఎఱుగవలసిన సంగతులు. అంతకంటె మేలైనది, చెంగు మంటదాక పోకుండ చూచుకొనుట.

ఒక పల్లెలో ఎనిమిదవ తరగతి చదువు బాలుడు ఒకనాటి సాయంకాలము దండెముమీది చీరను తీయుచు, చెంగున రూపాయిబిళ్లంత రంధ్రమును చూచెను. దాని అంచు నల్లబడి గట్టిపడి యుండెను.

“ఇదేమమ్మా?” అని అతడడిగెను.

“ఏమియు లేదు నాయనా. గంజి వార్చునపుడు సెగ తగిలినది” అని తల్లి ఆ చెంగును లోపలికి మడచెను. మడతలో రంధ్రము కనబడలేదు. కాని బాలునికి ఆ రాత్రి చాలసేపు నిద్ర పట్టలేదు.

సంతనాడు అతడు తాను దాచుకొన్న డబ్బుతో నీలిగళ్ల చేనేత తువాలు నొకదానిని కొనెను. అది 20 అంగుళముల వెడల్పు, 30 అంగుళముల పొడవు గలది. దానిని వీధిచివరి దర్జీయొద్దకు తీసికొనిపోయి, “తాతా, దీనితో మా యమ్మకు ఏప్రను కుట్టిపెట్టుము” అనెను.

వృద్ధుడు తువాలును అటునిటు త్రిప్పి చూచెను. “దీనికి కత్తెర అక్కఱలేదు, మిషనును అక్కఱలేదు. సూది, దారము, ఓపిక యున్న చాలును. నీవే కుట్టుము బాబూ, నేను చూపెదను” అనెను.

కుట్టుపని ఆడపిల్లల పని గదా యని బాలుడు సంకోచించెను. దర్జీ నవ్వి, “మఱి నలువది యేండ్లుగా నేను చేయుచున్న దేమిటి?” అని అడిగెను. 1937లో వార్ధాలో గాంధీజీ ముందుంచిన మౌలికవిద్యా విధానము సయితము చేతిపనిని బాలబాలికల కిద్దఱికిని చదువునకు కేంద్రముగా చేసినది.

మొదట తువాలును ఉతికి ఆఱవేసిరి. క్రొత్త నూలుబట్ట తొలి ఉతుకులో కొంత కుదించుకొనును. తడపక కుట్టినచో పిమ్మట కుట్లు ముడుతలు పడును. ఆఱిన బట్టను పఱచి, పై యంచున ఒక్కొక్క మూలనుండి 5 అంగుళములు లోపలికిని, ప్రక్కయంచున 8 అంగుళములు క్రిందికిని సుద్దతో గుర్తుపెట్టిరి. ఆ గుర్తులను కలుపు గీతవెంట రెండు మూలలను వెనుకకు మడచిరి. మడతకు ఒక అంగుళము ఎడముగా కుట్టు సాగినచో, బొందు దూరుటకు సన్నని గొట్టమువంటి దారి యేర్పడును.

బాలుడు తొందరపడి మడత నానుకొనియే కుట్టెను. తీరా చూడగా బొందునకు దారియే లేదు. అతని కన్నులలో నీరు తిరిగెను. దర్జీ ఏమియు అనక, సూదిమొనతో ఒక కుట్టు విప్పి చూపి, మిగిలినవి అతనినే విప్పుమనెను. “విప్పుటయు ఈ పనిలోనిదే. నేనును ఎన్ని విప్పితినో లెక్కలేదు” అనెను.

రెండవ పర్యాయము కుట్టు తిన్నగా వచ్చెను. సూదిని ఒక అడుగు వెనుకకు, రెండడుగులు ముందునకు నడపు వెనుకకుట్టు గట్టిది గనుక దానినే వేసిరి. అడుగుకొసను 6 అంగుళములు ముందువైపునకు పైకి మడచి, రెండు ప్రక్కలను, నడుమను కుట్టగా రెండు జేబులైనవి. గళ్లనేత రెండువైపులను ఒకే తీరున నుండుటచే మడచిన భాగము వేఱుగా కనబడలేదు. పిదప రెండున్నర మీటర్ల బొందునకు పిన్నీసు తగిలించి, ఒక దారిలో క్రిందినుండి పైకిని, రెండవదానిలో పైనుండి క్రిందికిని లాగిరి. నడుమ మిగిలినది మెడకు. కొసలు రెండును నడుమునకు.

తల్లి దానిని చూచి, “క్రొత్త తువాలును పాడుచేసితివా?” అనెను.

“ఒక్క పోగైనను కోయలేదమ్మా. కుట్లు విప్పినచో మరల తువాలే” అని బాలుడు బదులు చెప్పెను.

ఆమె పమిటచెంగును నడుమున దోపి, దానిపై ఏప్రను కట్టుకొనెను. ఒక జేబులో గిన్నెలు దింపుటకు మడచిన మసిగుడ్డను పెట్టుకొనెను. ఆ దినము మొదలు చెంగు పొయ్యివైపు పోలేదు. ఏప్రను మంటను ఆపునని తలపరాదు. చెంగును అదుపులో నుంచును, నూనెచిందులను కొంత అడ్డుకొనును. అంతమాత్రమే దాని పని.

ఐనను ఆ గళ్లబట్ట ఒక మాటను చెప్పకయే చెప్పుచున్నది. కమ్మరిది పనియైనట్లే తల్లిదియు పనియే. పనిని గౌరవింతుమని నోట పలుకుట సులభము. ఆ పని చేయువారి చేతులను, దేహమును కాపాడుటకు పూనుకొనుటయే నిజమైన గౌరవము.

బొందును లాగి కుదించినచో ఆ ఏప్రను పొట్టివారికిని సరిపోవును. తరువాతి ఆదివారమున బాలుడు దానిని తానే కట్టుకొని, తల్లిని పీటపై కూర్చుండబెట్టి, పొయ్యియొద్ద నిలిచెను.