కొండ కట్టిన ఊరు

ప్రాగ్ నగరంలో వ్లతావా నదికి పడమటి గట్టున పెత్రీన్ కొండ ఉంది. ఎత్తు 327 మీటర్లే. ఏప్రిల్ చివర్లో నడిచి ఎక్కాను. వాలు పొడవునా చెర్రీ, ఆపిల్, పియర్ చెట్లు విరగబూసి ఉన్నాయి.

కొంత ఎక్కాక కోట గోడలా పళ్ళు తేలిన పాత రాతి గోడ కనిపించింది. దాన్ని ఆకలి గోడ అంటారు. అప్పటి రాజు నాలుగో చార్లెస్ 1360-62లో కట్టించాడు. నగర రక్షణకే కట్టారని చరిత్రకారులంటారు. కరువులో పేదలకు పని, తిండి దొరకాలని రాజు కట్టించాడని జనం చెప్పుకుంటారు. కరువు పనికి పోయి మట్టి మోసిన పెద్దల మధ్య, ప్రకాశం జిల్లాలో పెరిగినవాణ్ణి. నా మనసు జనం మాటవైపే మొగ్గింది. ఆ గోడలోని లేత పసుపు రాయిని ఒపుకా అంటారు. ఈ కొండలోనే తవ్వి తీశారు. గోడను తడుముతూ చాలాసేపు అక్కడే ఉండిపోయాను.

శిఖరాన ఇనుప బురుజు. 1889లో పారిస్ వెళ్ళి ఐఫెల్ టవర్ చూసొచ్చిన చెక్ పర్యాటక సంఘం వాళ్ళు అలాంటిది తమకూ కావాలనుకున్నారు. ప్రాగ్‌లో జూబిలీ ప్రదర్శన జరిగిన 1891లో, కొద్ది నెలల్లోనే కట్టేశారు. ఎత్తు 63.5 మీటర్లు, ఐఫెల్‌లో ఐదో వంతు. అయితే దీనికి ఎనిమిది ముఖాలు. 299 మెట్లు. ఎక్కే మెట్లు వేరు, దిగే మెట్లు వేరు. రెండూ ఒకదాన్నొకటి చుట్టుకుని సాగుతాయి. ఎదురొచ్చేవాళ్ళు లేరు కాబట్టి ముసలివాళ్ళు కూడా తీరిగ్గా ఆగి ఆగి ఎక్కుతున్నారు.

పైన గాలి ఈడ్చి కొడుతోంది. ఎర్ర పెంకుల కప్పులు, నది మీద వంతెనలు, ప్రాగ్ కోటలో సెయింట్ వైటస్ చర్చి గోపురాలు. పాత ప్రాగ్‌లో ఎన్నో కట్టడాలకు రాయి ఇచ్చింది పెత్రీనే. అంటే ఈ కొండలో కొంత భాగం ఇప్పుడు ఊరై కింద పరుచుకుని ఉంది! తవ్విన కొండను మాత్రం వాళ్ళు గాలికొదిలెయ్యలేదు. తోటలు పెంచారు, అందరికీ తెరిచారు.

మా ప్రకాశం జిల్లాలోని చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ కూడా ఇలాగే తవ్వితే దేశదేశాలకూ పోతుంది. కానీ మాకు మిగిలేవి లోతైన గుంతలు, రాతి గుట్టలు. క్వారీకి అనుమతి ఇచ్చేనాడే, తవ్వకం అయ్యాక అక్కడ ఏ చెట్లు నాటాలో కూడా కాగితం మీద రాయించాలి. వేప, కానుగ, సీతాఫలం మా నేలలో బాగా వస్తాయి.