గాలితుపాకియు బరువు గుండును

గాలితుపాకి యనగానే మనలో పెక్కుమందికి జాతరలో బుడగలు పగులగొట్టు ఆట జ్ఞప్తికి వచ్చును. మందు లేదు, పొగ లేదు, పెద్ద చప్పుడు లేదు; కావున ప్రమాదమును లేదని మన సిద్ధాంతము. చప్పుడు చేయని వస్తువు సాధువని నమ్ముట మన కలవాటు. ఈ నమ్మికకు మొదటినుండియు బలము తక్కువ. బరువైన స్లగ్గులు బజారులోనికి వచ్చిన పిమ్మట ఆ కొంచెపు బలమును పోయినది.

సామాన్యపు పెల్లెట్ 4.5 మిల్లీమీటర్ల వ్యాసము, ఇంచుమించు అరగ్రాము బరువు గల సీసపు ముక్క. నడుము సన్నము, వెనుకభాగము డొల్ల; చూచుటకు చిన్న డమరుకమువలె నుండును. బాణమునకు ఈక లెట్లో దానికి వెనుకనున్న పలుచని అంచు అట్లు. అది గాలి నొరసికొని గుండును తిన్నగా నడుపును. అయితే ఆ యంచే దానికి కళ్లెము. గాలి దాని నడుగడుగున నాపుచుండుటచే అది త్వరలోనే వేగమును గోల్పోవును. ఇది లోపమని వేటకాని మతము. ఇదియే దాని సుగుణమని నా మతము.

స్లగ్గునకు నడుము లేదు, ఈకల వంటి అంచు లేదు. తూటా రూపమున నుండి, పెల్లెట్ కంటె పొడవును బరువును గలిగియుండును. గాలి కంత సులభముగా లొంగదు. దూరము పోయినను వేగమును నిలుపుకొనును. కాని దానిని తిన్నగా నిలుపునది గిరగిర తిరుగుట యొక్కటే. ఆ భ్రమణమును గొట్టములోపలి మెలిదిరిగిన గాడులు కల్పింపవలెను. గుండు పొడవైన కొలది మెలిక బిగువుగా నుండవలెనని గ్రీన్‌హిల్ అను ఆంగ్లేయ గణితజ్ఞుడు 1879లోనే సూత్రము చెప్పినాడు. పెల్లెట్ల కొఱకు చేసిన గొట్టములో పొడవైన స్లగ్గును బెట్టినచో, కడపటి చుట్లలోని బొంగరమువలె అది గాలిలో తూలవచ్చును.

గత చలికాలమున మా యక్క మనుమడు ఒక స్ప్రింగు తుపాకిని, రెండు డబ్బాల గుండ్లను దెచ్చి, బోధను దగ్గఱి మా చేని యొద్ద నాకు చూపినాడు. ఎత్తైన మట్టికట్టకు కాగితము నంటించి, కట్ట వెనుక నెవ్వరును లేరని చూచుకొని, ముప్పది గజముల నుండి కాల్చినాడు. పెల్లెట్లు అరచేయి కప్పునంత చోట గుండ్రని రంధ్రములు చేసినవి. స్లగ్గులు జానెడు మేర చెదరినవి. వానిలో రెండు రంధ్రములు పొడవుగా చీలియుండెను; గుండు మొనతో గాక ప్రక్కవాటుగా తగిలిన దన్నమాట.

“తాతా, గుండు బరువైతే దెబ్బ గూడ బరువే గద!” అని వాని వాదము.

“దెబ్బ సంగతి తర్వాత, బిడ్డా! మొదలు గుండు యాడికి పోతున్నదో చూడు” అంటిని.

వాని వాదము సగమే నిజము. బడిలో నేర్చిన లెక్కయే చాలును. 20 జౌలుల శక్తితో వెడలు అరగ్రాము గుండు వేగము సెకనుకు సుమారు 283 మీటర్లు. అదే శక్తితో వెడలు గ్రాము గుండు వేగము 200 మీటర్లు మాత్రమే. మెల్లగా పోవునది త్రోవలో నెక్కువ క్రిందికి వ్రాలును. స్ప్రింగు తుపాకిలో గాలి త్రోపు క్షణమాత్రము. బరువు గుండు కదలుట కాలస్యమగుటచే ఆ శక్తియు తఱచుగా తగ్గును. ముందుగా గాలిని దట్టించి యుంచు పి.సి.పి. తుపాకిలో ఇందుకు విరుద్ధము. బరువు గుండు గొట్టములో నెక్కువసేపు నిలిచి, వెనుకనుండి వచ్చు గాలి బలమును మఱింత గ్రహించును.

ధర్మసూక్ష్మ మిచ్చటనే యున్నది. మన దేశమున 2016 నాటి ఆయుధ నియమావళి ప్రకారము 4.5 మిల్లీమీటర్ల గొట్టమును 20 జౌలుల శక్తియు మించని గాలితుపాకికి లైసెన్సు అక్కఱలేదు, మించినదానికి కావలెను. తేలిక గుండుతో ఈ గీతకు లోపలనున్న పి.సి.పి. తుపాకి బరువు స్లగ్గుతో గీత దాటవచ్చును. తుపాకి మాఱలేదు, మనిషి మాఱలేదు, మాఱినది గుండొక్కటే. అంతియ గాదు. చట్టము గొట్టపు మూతికడ శక్తిని కొలుచును. పొరుగువాని ప్రాణము మూతికడ నుండదు, దూరమున నుండును. మూతికడ సమానమైన రెండు గుండ్లు నూఱు గజముల యవతల సమానములు గావు.

మా సీమలో ఈ దూరమునకు అర్థము వేఱు. మంజీరపై 1931లో పూర్తియైన నిజాంసాగరు నీటితో ఇచ్చట చెరకు పెరిగినది. 1937లో నెలకొన్న నిజాం చక్కెర కర్మాగారము శక్కర్‌నగర్‌కు ఆ పేరు తెచ్చినది. ఆ కర్మాగారము 2015లో మూతపడి చెరకు తగ్గినను, మిగిలిన తోటలు మనిషి నిలువునకు మించియే యున్నవి. ఆ యాకుల మాటున కోతకూలీలుందురు, నీరు గట్టువాడుండును, మేక వెంట పోయిన పిల్లవాడుండును. చెరకాకు గుండు నాపదు. మనిషిని మాత్రము దాచును. కాలువగట్టుపై నిలిచి కొక్కెరకు గుఱిపెట్టువానికి కొక్కెర కనబడును గాని, దాని వెనుక నున్నవాడు కనబడడు.

అడవిపందులు చేను పాడుచేయుచున్నవని రైతు మొఱపెట్టును. ఆ మొఱ న్యాయమైనది. కాని ఈ చిన్నగుండు పందిని చంపుట కరుదుగా చాలును, గాయపఱచుటకు తప్పక చాలును. దెబ్బతిన్న జంతువు తోటలో దూరి దినముల తరబడి బాధపడును. పందియైనను, నెమలియైనను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము రక్షణలోనివే. అడవులు కలిగి వేట యాచారముగా గల అరుణాచల్ ప్రదేశములోనే 2021లో గాలితుపాకుల నప్పగించు ఉద్యమము సాగగా, జనులు స్వయముగా తుపాకులు తెచ్చి యిచ్చినారు. మనకు మాత్ర మది సాధ్యము గాదా?

నేను గుఱికి విరోధిని గాను. 2012లో లండను ఒలింపిక్సున మన గగన్ నారంగ్ కంచు పతకము తెచ్చినది 10 మీటర్ల గాలితుపాకితోనే. ఆ పోటీలో పది యను గుఱి అరమిల్లీమీటరు చుక్క. దానికి వాడునది బరువు స్లగ్గు గాదు. మొన చదునైన తేలిక పెల్లెట్. అచ్చట గెలుచునది గుండు బరువు గాదు, ఊపిరి నిలకడ. 2022, 2023 సంవత్సరములలో ముష్టియుద్ధమున ప్రపంచవిజేతయైన నిఖత్ జరీన్‌ను కన్న నిజామాబాదు, గుఱికాండ్రను మాత్రము కనలేదా?

కావున పెద్దలకు నా మనవి యిది. పిల్లవాని చేతికి గాలితుపాకి నిచ్చుటకు ముందు మూడు ప్రశ్న లడుగుడు: ఈ గొట్టమునకు ఈ గుండు తగునా? ఈ గుండుతో శక్తి చట్టపు గీత లోపల నున్నదా? గుఱి తప్పినచో గుండు నాపు మట్టికట్ట యున్నదా? మూడింటికిని ఔనన్న జవాబు రానినాడు తుపాకిని పెట్టెలో నుంచి తాళము వేయుడు. గాలికి చప్పుడు లేకపోవచ్చును. దాని దెబ్బ తిన్న యింటిలో నేడుపునకు చప్పుడుండును.