పెట్టె గీస్తే బంకులు: విజయవాడలో ఒక పరిశీలన

మ్యాపు మీద గీసిన పెట్టెలో ఉన్న పెట్రోల్ బంకులను వెతికే సాధనానికి నాలుగు అంకెలు చాలు: దక్షిణపు అంచు, పడమటి అంచు, ఉత్తరపు అంచు, తూర్పు అంచు. విజయవాడకు అవి 16.48, 80.58, 16.56, 80.70. నేల మీద కొలిస్తే ఉత్తర దక్షిణాలుగా సుమారు 9 కిలోమీటర్లు, తూర్పు పడమరలుగా సుమారు 13. సాధనానికి వాడుక పత్రం రాసేముందు, అది ఇచ్చిన జాబితాను చేతపట్టుకుని ప్రకాశం బ్యారేజీ నుంచి బందరు రోడ్డు మీదుగా బెంజి సర్కిల్ దాకా తిరిగి చూడటం ఈ పర్యటన ఉద్దేశం.

జాబితాకు మూలం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. 2004లో బ్రిటన్‌లో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టిన ఈ మ్యాపును స్వచ్ఛంద కార్యకర్తలు నింపుతారు. అందులో బంకుకు వేసే గుర్తు ‘అమెనిటీ = ఫ్యూయల్’. ఆ గుర్తున్న చోట్లను పెట్టె హద్దుల్లో ఏరి ఇచ్చేది ఓవర్‌పాస్ అనే సేవ. ఎవరో ఒకరు చూసి గుర్తు పెట్టిన బంకే జాబితాలోకి వస్తుంది. పెట్టనిది రోడ్డు పక్కన ఎంత పెద్ద బోర్డుతో నిలబడినా రాదు. వాడుక పత్రం మొదటి పేజీలోనే ఈ మాట ఉండాలి. ఖాళీ జాబితా చూసి ఈ ప్రాంతంలో బంకు లేదనుకోవడం తప్పు. మ్యాపులో ఇంకా ఎక్కలేదని మాత్రమే దాని అర్థం కావచ్చు.

ఖాళీ జాబితాకు మరో కారణం అంకెల వరుస. ఓవర్‌పాస్ దక్షిణంతో మొదలుపెడితే, అనేక ఇతర మ్యాపు సాధనాలు పడమరతో మొదలుపెడతాయి. ఆ అలవాటుతో 80.58, 16.48, 80.70, 16.56 అని ఇస్తే తప్పని ఎవరూ చెప్పరు. అవి కూడా చెల్లే హద్దులే. అయితే ఆ పెట్టె పడేది స్వాల్‌బార్డ్ దీవులకు ఉత్తరాన, ఆర్కిటిక్ సముద్రంలో. ఇక ఓవర్‌పాస్‌కు పెట్టిన గడువులోపు వెతుకులాట పూర్తికాకపోతే, జవాబులో జాబితాతో పాటు చిన్న వ్యాఖ్య ఒకటి వస్తుంది. దాన్ని చదవకుండా సాధనం వదిలేస్తే, సగం జాబితానే మొత్తంగా చెలామణి అవుతుంది.

బంకును కొందరు ఒక్క చుక్కగా గుర్తిస్తారు, కొందరు ఆవరణ చుట్టూ గీత గీస్తారు. చుక్కకు అక్షాంశ రేఖాంశాలు నేరుగా ఉంటాయి. ఆవరణకు మధ్యబిందువును విడిగా అడగాలి. అడగడం మరిస్తే, చక్కగా కొలిచి గీసిన బంకులే తెరమీద నుంచి మాయమవుతాయి. ఇంత శ్రమపడి గీసినవారికి ఇది అన్యాయం.

బ్యారేజీ మీద నిలబడితే పెట్టెకున్న అసలు పరిమితి కళ్లకు కడుతుంది. కృష్ణకు ఆవలి ఒడ్డున సీతానగరం పరిసరాలు కూడా పెట్టె లోపలే ఉన్నాయి. గీతకు నది తెలియదు. సూటి దూరం చూసి దగ్గరిదని చూపించిన బంకు అవతలి గట్టున ఉంటే, 1957లో పూర్తయిన ఈ బ్యారేజీ మీదుగానో, జాతీయ రహదారి మీది వారధి మీదుగానో చుట్టి పోవాలి. బెంజి సర్కిల్ దగ్గర నది లేకపోయినా ఇదే చిక్కు. ఫ్లైఓవర్ ఎక్కేసిన బండికి కింద సర్వీసు రోడ్డు పక్కనున్న బంకు అందదు. డివైడర్‌కు అవతలున్నదాన్ని చేరాలంటే యూటర్న్ దొరికేదాకా పోవాలి. ట్యాంకులో చుక్క మిగిలిన లారీ డ్రైవరుకు అర్ధరాత్రి ఈ తేడా చిన్నది కాదు. అందుకే, పెట్టెలో వెతకడం, దారి చూపడం రెండు వేర్వేరు పనులని పత్రం సూటిగా చెప్పాలి.

బంకు ఆవరణలో కనిపించేదానికీ మ్యాపులో రాసిందానికీ మధ్య దూరం ఇంకొకటి. డీజిల్, సీఎన్‌జీ, గాలి యంత్రం, తాగునీరు, మరుగుదొడ్డి, తెరిచి ఉండే వేళలు: వీటన్నిటికీ మ్యాపులో విడివిడి గుర్తులున్నాయి, కానీ పేరు ఒక్కటే రాసి వదిలేసిన బంకులూ ఉంటాయి. సీఎన్‌జీ గుర్తు లేనంత మాత్రాన అక్కడ సీఎన్‌జీ లేదని సాధనం చెప్పకూడదు. ‘ఉంది’, ‘లేదు’, ‘వివరం లేదు’ అని మూడు జవాబులు విడిగా చూపాలి. ధర, ఆనాటి నిల్వ సంగతి ఈ మ్యాపు చూడదు. కొలతపై అనుమానం తీర్చుకోవడానికి బంకులో ఉంచే 5 లీటర్ల పాత్ర లాంటివి అక్కడికి వెళ్లి అడిగి చూడవలసినవే.

ఓవర్‌పాస్ ఇచ్చే జవాబులో మ్యాపు సమాచారం ఏ సమయం నాటిదో రాసి ఉంటుంది. దాన్ని తెరమీద చూపాలి. ‘ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కాంట్రిబ్యూటర్లు’ అన్న గుర్తింపు వాక్యాన్నీ లైసెన్సు ప్రకారం ఉంచాలి. తప్పిపోయిన బంకు కనిపిస్తే, ఖాతా ఉన్న ఎవరైనా అక్కడే నిలబడి చుక్క పెట్టి, చూసిన వివరాలు రాయవచ్చు. సాధారణంగా కొద్ది నిమిషాల్లోనే ఆ మార్పు ఓవర్‌పాస్‌కు చేరుతుంది. తరువాత అదే పెట్టెలో వెతికినవారికి ఆ బంకు దొరుకుతుంది.