పెట్టెను తిట్టమాక బావా!

ఏంది బావా, పొద్దుట్నించీ గోడవతల చిటపటలే గానీ గేటు అతుక్కున్న జాడ లేదు! రాడ్డు అంటుకుపోతందా? ఆ వెల్డింగు పెట్టెను తిట్టమాక. మోటార్లన్నీ తిరిగే వేళప్పుడు మన ప్రత్తిపాడులో వోల్టేజీ సంగతి నీకు తెలీదా? పైగా నువ్వు లాగింది ఫ్యానుకేసే సన్న వైరు. కరెంటు సగం దార్లోనే వేడై పోద్ది. 2.5 చదరపు ఎమ్మెం రాగి వైరెయ్యి, చుట్ట మొత్తం విప్పి పరువు. లావు ప్లగ్గుకే పెట్టు.

పెట్టె మీద 200 ఆంపులని రాసుంటది, నమ్మమాక. ఆ ధరకి అంతెక్కడిస్తది? మనకీ అక్కర్లేదులే. 2.5 ఎమ్మెం 6013 రాడ్డుకి 70, 80 చాలు. గేటు పైపు మరీ పల్చన, ఇంకా తగ్గించు. ఏకబిగిన లాగావంటే చిల్లే! ఒక చుక్క పెట్టి, ఆరనిచ్చి, పక్కకి జరుగు.

అయ్యో, ఎర్తు క్లాంపు రంగు మీద పట్టించావేంది! రంగులోంచి కరెంటు ఎట్టా పోద్ది? క్లాంపు పట్టే చోటా, అతుకు పడే చోటా ఇనుము తెల్లగా మెరిసేదాకా గ్రైండరుతో గీకు. సగం పనితనం అక్కడే ఉంది. రాడ్లేమో వానాకాలం నించీ వసారాలో పడున్నాయి. రాడ్డు మీది పూత కాలి పొగై, కరిగిన ఇనుముకి గాలి తగలకుండా కాస్తది. స్వీడన్‌లో కెల్‌బర్గనే ఆయన కనిపెట్టాడంట, నూరేళ్ళ పైమాట. ఆ పూతకి చెమ్మ పడితే అతుకు నిండా బొక్కలే. ఎండబెడితే కొంత నయం, కొత్త ప్యాకెట్టు తెస్తే ఇంకా నయం.

ఇంకోటి. ఆ గేటు బందు పోయినేడు షాపులో వేయించిందే కదా, మళ్ళీ ఎందుకు విరిగింది? అతుకుది కాదు తప్పు, మన నల్లరేగడిది. వానకి ఉబ్బుద్ది, ఎండకి నెర్రెలిస్తది. స్తంభం ఒరిగిందంటే గేటు బరువంతా ఒక్క బందు మీదే. ముందు స్తంభం సరిచెయ్యి, లేకపోతే ఏటా ఇదే పని.

చలువ కళ్ళద్దాలు తీసెయ్, అవి పనికిరావు. వెల్డింగు అద్దం లేకుండా చూస్తే రాత్రికి కళ్ళల్లో ఇసుక పోసినట్టుంటది. ఆ పత్తికట్టె మోపులు కూడా అవతలికి లాగించు. ఒక్క నిప్పురవ్వ చాలు, మా అక్క నిన్ను బతకనిస్తదా?

గేటో, కోళ్ళగూడో, కిటికీ ఊచలో, నీ ఇష్టమొచ్చినట్టు చేసుకో. ట్రాలీ కొక్కెం జోలికి మాత్రం పోమాక. మిరప బస్తాలేసుకుని గుంటూరు యార్డుకి పోయేటప్పుడు అది రోడ్డు మీద ఊడితే ఎనకొచ్చే వాడి ప్రాణం మీదికొస్తది. అది చెయ్యి తిరిగినోళ్ళ పని, షాపుకే పంపించు.