"అక్కడ నిన్ను ఎవులు తిప్పుతారే?"



కాస్త పెద్ద పోస్టు. తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి.

పోయిన నెల డిగ్రీ చివరి ఏడాది చదువుతున్న ఒక చెల్లి నాకు మెసేజ్ పెట్టింది. "అక్కా, నాకు చదువంటే భయం లేదు. ఇంగ్లీషు కూడా ఎలాగో నెట్టుకొస్తాను. కానీ విదేశంలో ఒక్కదాన్నే ఎలా తిరగాలి? విశాఖలోనే నాకు బస్సు నంబర్లు తెలీవు" అని. రెండు ముక్కల్లో జవాబు రాద్దామని కూర్చున్నాను. రాలేదు. ఎందుకంటే ఆ భయం నాక్కూడా ఉండేది. అది ఎలా పోయిందో చెప్పాలంటే మొదట్నించీ చెప్పాలి.

మాది పాడేరుకి పైన కొండమీది ఊరు. జీపు ఆగే చోటు నుంచి ఇంకా 6 కిలోమీటర్లు నడవాలి. నడకంటే నాకు ఎప్పుడూ భయం లేదు. చీకట్లో కూడా దారి కాళ్ళకే తెలుస్తుంది. కానీ కొండ దిగాక మాత్రం నేనెప్పుడూ ఒకరు తిప్పితేనే తిరిగాను. సంతకి నాన్న వెనక. ఆశ్రమ పాఠశాలలో ఔట్‌పాస్ మీద వార్డెన్ మేడం సంతకం పడితేనే గేటు దాటాలి. విశాఖలో డిగ్రీ చదివినప్పుడు హాస్టల్, కాలేజీ, మళ్ళీ హాస్టల్. సెలవులకి తమ్ముడు బండి మీద వచ్చి తీసుకెళ్ళేవాడు. వాడు నాకంటే మూడేళ్ళు చిన్నోడు. అయినా "తమ్ముడు తోడున్నాడు కదా" అని అందరికీ ధైర్యం. అది తప్పని అప్పట్లో నాకు తోచలేదు. ఆడపిల్లల్ని అందరూ అలాగే తిప్పేవారు.

కేంద్ర గిరిజన శాఖ ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ గురించి ఈ గ్రూపులో ముందే రాశాను. దేశం మొత్తానికి ఏడాదికి 20 మందికే ఇస్తారు, అందులో 3 పీవీటీజీ వాళ్ళకి. అది నాకొచ్చింది. 2023 అక్టోబరులో జర్మనీలో గోటింగెన్ అనే ఊరికి వెళ్ళాను, అడవుల మీద మాస్టర్స్ చదవడానికి. గోటింగెన్ మరీ పెద్ద ఊరేం కాదు. 1737 నాటి యూనివర్సిటీ, దాని చుట్టూ ఊరు, ఊరి పక్కనే కొండ, కొండ మీద అడవి. మా అడవుల విభాగం ఊరికి ఉత్తరం వైపు, ఎత్తు మీద ఉంటుంది.

దిగిన రోజే పరువు పోయింది. స్టేషన్లో రైలు వచ్చి ఆగింది. నేను తలుపు ముందు నిలబడ్డాను, అదే తెరుచుకుంటుందని. తెరుచుకోలేదు. రైలు కదలబోతుంటే వెనకనుంచి ఒకాయన చెయ్యి చాపి తలుపు మీదున్న బొత్తం నొక్కాడు. అక్కడ ప్రయాణికుడే నొక్కాలట. బస్సులోనూ అంతే. దిగాలంటే ముందే బొత్తం నొక్కాలి, లేకపోతే మన స్టాపులో ఎవరూ ఎక్కేవాళ్ళు లేనప్పుడు ఆపకుండా వెళ్ళిపోతుంది. మొదటి వారంలో రెండుసార్లు అలా దాటిపోయి వెనక్కి నడిచొచ్చాను.

నేనున్న ఇంట్లో ఒక తెలుగాయన ఉండేవారు. నాకంటే ముందొచ్చి ఉద్యోగంలో కుదురుకున్నారు, కారుంది. "ఏం భయపడకమ్మా, నేనున్నా" అన్నారు. నిజంగానే ఉన్నారు. వచ్చిన రెండు వారాల్లోగా ఊరి ఆఫీసులో మన అడ్రసు నమోదు చేయించుకోవాలి. ఆయనే తీసుకెళ్ళారు. బ్యాంకుకి, సిమ్ కార్డుకి ఆయనే. నెలకోసారి కాసెల్ అనే ఊరికి కారులో వెళ్ళి బియ్యం, పప్పు తెచ్చుకునేవాళ్ళం. 'అన్నయ్యా' అని పిలిచేదాన్ని.

ఒకరోజు కాసెల్ నుంచి వస్తున్నాం. కారులో ఇంకో ఇద్దరు తెలుగు అబ్బాయిలున్నారు. బ్యాంకు లోన్ల గురించి మాట్లాడుకుంటున్నారు. అన్నయ్య అద్దంలోంచి నన్ను చూసి నవ్వుతూ అన్నారు: "నీకేంటమ్మా, సర్కారే పంపింది. రిజర్వేషన్ వాళ్ళకి అన్నీ ఫ్రీ. మేమైతే పొలం తాకట్టు పెట్టి వచ్చాం." అబ్బాయిలు నవ్వారు.

నాకు చెప్పడానికి చాలా మాటలున్నాయి. 20 సీట్లకి దేశంలో ఎంతమంది పోటీ పడతారో చెప్పొచ్చు. మా ఊళ్ళో నా ముందు డిగ్రీ ఎవరూ పూర్తి చెయ్యలేదని చెప్పొచ్చు. మీ పొలానికి పట్టా ఉంది కాబట్టి తాకట్టు పెట్టారు, మా పోడుకి చాలాకాలం పట్టానే లేదు అని చెప్పొచ్చు. ఒక్కటీ చెప్పలేదు. నా బియ్యం బస్తా ఆయన డిక్కీలో ఉంది. వచ్చే నెల కూడా ఆయన కారే ఎక్కాలి. నేను కూడా నవ్వాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆయన అన్న మాట కంటే నా నవ్వే నన్ను బాధపెట్టింది. ఆయన చెడ్డవారు కాదు, ఇప్పటికీ అదే చెప్తాను. కానీ ఒకరి బండి మీదే బతుకు నడుస్తుంటే నోరు కూడా ఆ బండిలోనే ఉండిపోతుంది. ఇది విదేశంలోనే అర్థమైంది నాకు.

తర్వాతి నెల "నేను రైల్లో వెళ్తాను అన్నయ్యా" అన్నాను. జనవరి, 2024. అప్పటికి డాయిచ్‌లాండ్ టికెట్ అని నెలకి 49 యూరోల టికెట్ ఉండేది. దాంతో దేశమంతా సిటీ బస్సులు, ట్రాములు, చిన్న రైళ్ళు ఎక్కొచ్చు. (2025లో అది 58 ఉండేది.) కాసెల్‌కి చిన్న రైలు సుమారు గంట. వెళ్ళడం బాగానే వెళ్ళాను. బియ్యం కొన్నాను. వచ్చేటప్పుడు చలికి ఆత్రపడి ప్లాట్‌ఫారం మీద ముందొచ్చిన రైలెక్కేశాను. అది ఐసీఈ, పెద్ద స్పీడు రైలు. ఆ టికెట్ అందులో చెల్లదు. టికెట్ చూసే ఆవిడ మర్యాదగానే చెప్పింది, మర్యాదగానే 60 యూరోల జరిమానా కాగితం చేతిలో పెట్టింది. మన డబ్బుల్లో 5 వేలు దాటింది. కొన్న బియ్యం అంతా కలిపినా అందులో సగం లేదు. మా అమ్మ కాఫీ పళ్ళు కోసే కూలి గుర్తొచ్చి ఏడుపొచ్చింది. కానీ 20 నిమిషాల్లో గోటింగెన్‌లో దిగి, బస్తా భుజాన వేసుకుని, నా స్టాపు ముందు నేనే బొత్తం నొక్కి దిగాను. ఇంటికొచ్చి వండుకున్న ఆ అన్నం రుచి ఇంకా గుర్తుంది.

తర్వాత సైకిల్. నవ్వకండి, నాకు 25 ఏళ్ళ దాకా సైకిల్ తొక్కడం రాదు. మా కొండదారిలో సైకిల్‌తో పనేముంది? గోటింగెన్‌లో మాత్రం ప్రొఫెసర్లతో సహా అందరూ సైకిలే. స్టేషన్ ముందు వందల సైకిళ్ళు నిలబడి ఉంటాయి. జర్మనీలో చాలా ఊళ్ళలో పెద్దవాళ్ళకి, ముఖ్యంగా వేరే దేశాల నుంచి వచ్చిన ఆడవాళ్ళకి, సైకిల్ నేర్పే తరగతులు పెడతారు. వసంతంలో అలాంటి దాంట్లో చేరాను. నాతోపాటు సిరియా నుంచి వచ్చిన ఒకావిడ, అఫ్ఘాన్ నుంచి వచ్చిన ఒకావిడ. ఇద్దరూ నాకంటే చాలా పెద్దవాళ్ళు, ఒకావిడకి మనవలు కూడా ఉన్నారు. ముగ్గురికీ కలిపి వచ్చిన జర్మన్ పది వాక్యాలు. మొదట పెడల్ తీసేసిన సైకిల్ ఇచ్చి, కాళ్ళతో నేల తోసుకుంటూ వెళ్ళమంటారు. బ్యాలెన్స్ వచ్చాకే పెడల్. నాలుగో క్లాసులో ఆ అమ్మమ్మ పడకుండా మైదానం చుట్టేసి దిగి, మా ఇద్దర్నీ పట్టుకుని ఏడ్చేసింది. భాష తెలీకపోయినా ఎందుకేడ్చిందో నాకు తెలుసు.

ఒక పాత సైకిల్ కొన్నాను. బండ్లన్నీ కుడివైపు నడుస్తాయి కాబట్టి మొదట్లో తికమక. బోర్డులేవీ లేని చిన్న కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవాళ్ళకే ముందు దారి ఇవ్వాలి. లైటు లేకుండా చీకట్లో తొక్కితే 20 యూరోలు. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి, కాబట్టి లైటు తప్పదు. ఎర్ర సిగ్నల్ దాటితే సైకిల్‌కైనా 60 యూరోల నుంచి మొదలు. ఈసారి మాత్రం జరిమానా కట్టలేదు!

ఇక్కడిదాకా చదివి "అక్క భలే ధైర్యవంతురాలు" అనుకోకండి. అసలు సంగతి ఇప్పుడు చెప్తాను.

ఒకరోజు బస్ స్టాపులో ఒక ముసలావిడ, ఎనభై పైనే ఉంటాయి, నాలుగు చక్రాల ఊతబండి తోసుకుంటూ వచ్చింది. బస్సు ఆగింది. బుస్సుమని గాలి వదిలి, తలుపు వైపు కిందకి వంగింది. ఆవిడ బండి తోసుకుంటూ ఎక్కింది. ఎవరూ చెయ్యి పట్టుకోలేదు, ఆవిడ ఎవరినీ బతిమాలలేదు. నాలుగు స్టాపులు దాటాక బొత్తం నొక్కి, కూరగాయల అంగడి దగ్గర దిగిపోయింది.

నాకు మా నానమ్మ గుర్తొచ్చింది. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు జ్వరం ముదిరి లేవలేకపోతే డోలీ కట్టి దించాం. నాన్న, బాబాయి, ఇంకో ఇద్దరు మార్చి మార్చి మోశారు. బతికున్నంతకాలం కావడి మోసి సంతకి దిగిన మనిషి. డోలీలో దారి పొడుగునా కళ్ళు మూసుకునే ఉంది. జ్వరానికి అనుకున్నాను. తర్వాత చెప్పింది, "నలుగురి భుజాలు నొప్పెడుతున్నాయని చూళ్ళేక" అని. ఆ తర్వాత ఒంట్లో బాగోకపోయినా చెప్పడం మానేసింది. అలాగే పోయింది.

ఆ జర్మన్ ముసలావిడ మా నానమ్మ కంటే ధైర్యవంతురాలు కాదు. ఆవిడ కోసం ఒక బస్సు వంగింది, అంతే. నేను అక్కడ సాధించాననుకున్న స్వతంత్రం కూడా సగమే నాది. మిగతా సగం టైముకొచ్చే ఆ బస్సుది, లైట్లున్న దారిది, 49 యూరోల టికెట్‌ది. మన పిల్లలు భయస్తులని ఎవరైనా అంటే ఈ మాట చెప్పండి.

మొన్న ఇంటికొచ్చాను. విశాఖ నుంచి పాడేరు బస్సులో కండక్టర్ ఆధార్ చూసి సున్నా టికెట్ కొట్టిచ్చాడు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఫ్రీ కదా. సంతోషమే. కానీ జీపు దిగాక ఆ 6 కిలోమీటర్లు ఇంకా అలాగే ఉన్నాయి. బస్సే రాని ఊరికి ఫ్రీ టికెట్ ఏం చేసుకుంటాం? చదువుకున్నవాళ్ళం ఈ రోడ్డు గురించి గ్రామసభలో, ఐటీడీఏ గ్రీవెన్సులో అడుగుతూనే ఉండాలి. నేను అర్జీ పెట్టి రశీదు తీసుకున్నాను. మీ ఊరిది మీరు పెట్టండి.

వెళ్ళబోయే చెల్లెళ్ళకి, తమ్ముళ్ళకి కొన్ని మాటలు:

వెళ్ళేలోగా సైకిల్ నేర్చుకోండి. విశాఖలో ఉన్నవాళ్ళు వారానికో కొత్త బస్సు ఒక్కరే ఎక్కి తిరిగి రండి. దారి తప్పడం కూడా అలవాటవ్వాలి.

మొదటి నెల సాయం తీసుకోండి, అందులో సిగ్గేం లేదు. కానీ ఒక్కరి మీదే ఆధారపడొద్దు. ఎవరైనా ఒక పని చేసిపెడితే, రెండోసారి మీరే చేస్తూ వాళ్ళని పక్కన నిలబడమనండి.

టికెట్ కొనేముందు ఏ రైల్లో చెల్లుతుందో చదవండి. ఆ డాయిచ్‌లాండ్ టికెట్ నెలనెలా దానంతటదే కొనసాగుతుంది. ఆపాలంటే నెలలో 10వ తేదీలోపు చెప్పాలి, లేకపోతే వచ్చే నెల డబ్బులు కూడా పోతాయి.

అత్యవసరమైతే యూరప్‌లో 112. ఫోన్ చార్జింగ్ అయిపోయినా పనికొచ్చేలా ఇంటి అడ్రసు కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోండి.

చివరగా మా అమ్మ మాట. వచ్చిన రాత్రి పొయ్యి దగ్గర కూర్చుని అడిగింది: "అక్కడ నిన్ను ఎవులు తిప్పుతారే?"

"ఎవరూ తిప్పరమ్మా. నేనే తిరుగుతాను."

కాసేపు ఏం అనలేదు. కట్టె ఎగదోసి, "మరి నన్నోసారి విశాఖ తిప్పుతావేటి? సముద్రం చూళ్ళేదు" అంది.

ఈ ఆదివారం వెళ్తున్నాం. దారిలో బస్సు నంబరు తనచేతే చదివిస్తాను. అక్షరాలు రాకపోయినా అంకెలు వచ్చు మా అమ్మకి.

సంక్రాంతి దాకా ఇక్కడే ఉంటాను. పాడేరులో ఒక పాత సైకిల్ కొన్నాను. సైకిల్ రాని ఆడపిల్లలు ఆదివారాలు రండి, పెడల్ తీసేసి మొదలుపెడదాం. అమ్మతో వెళ్తున్న ఈ ఆదివారం తప్ప.

జోహార్.